కిరాయి ఊపిరి

(‘పై పోర్షన్’ నవలలో ఈ వారం)

పోయినవారం దాకా లెక్క ఇదీ: తణుకు దగ్గరి పల్లె నుంచి వచ్చిన భ్రమరాంబ, పట్టాభిరామయ్య దంపతులు కొత్తగూడలో కనకమ్మ ఇంటి కింద షట్టర్‌లో కర్రీ పాయింటు నడుపుకుంటూ, అదే ఇంటి పై పోర్షన్‌లో ఏళ్ళ తరబడి అద్దెకుంటున్నారు. పొయ్యి ముందు నిలబడి ఉండగానే పట్టాభిరామయ్య మెదడులో నరం చిట్లింది. గచ్చిబౌలి ఆస్పత్రి డాక్టర్లు ఇక చేయగలిగింది లేదని, ఇంటికి తీసుకెళ్ళమని చెప్పారు. అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. ఆ సంగతి తెలిసిన భ్రమరాంబ, ఊపిరి ఉండగానే భర్తను ఇల్లు చేర్చాలని అంబులెన్సు ఎక్కించింది. ఎక్కిస్తూ కనకమ్మకు ఫోన్ చేసి, “మంచిగైంది అక్కా, ఇంటికి తీస్కొస్తున్న” అని చెప్పింది.

*

వండిన కూరకు ఉన్నట్టే అబద్ధానికీ ఒక గడువు ఉంటుంది. పొద్దున దించిన పప్పు మధ్యాహ్నం దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత మూత తీస్తేనే సంగతి తెలిసిపోతుంది. భ్రమరాంబ ఫోన్లో చెప్పిన అబద్ధం బొటానికల్ గార్డెన్ దాకా తాజాగానే ఉంది. కొత్తగూడ చౌరస్తా సిగ్నల్ దగ్గర అంబులెన్సు ఆగేసరికి పులవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసు బస్సులు, వాటి సందుల్లోంచి దూరే బైక్ ట్యాక్సీలు, వాటి వెనక హారన్లు. సైరన్ మోగుతూనే ఉంది, ఎవరూ కదలడం లేదు. కదలాలనుకున్నా చోటు లేదు. ఈ వేళకు భ్రమరాంబ కొట్టు ముందు కూడా ఇలాగే జనం ఉంటారు. ఇవాళ షట్టర్ దించి ఉంది. వచ్చినవాళ్ళు ఒక క్షణం నిలబడి, ఫోన్ తీసి, పక్క వీధిలో కొట్టు ఎక్కడుందో వెతుక్కుంటారు. తప్పేం లేదు. ఆకలిగా ఉన్నవాడు ఎవరికోసమూ ఆగడు.

స్ట్రెచర్ తల దగ్గర ఇమ్మాన్యుయేల్ కూర్చున్నాడు. ఆస్పత్రి పంపిన మగ నర్సు, నలభై దాటిన మనిషి, ఖమ్మం వైపు వాడు. పట్టాభిరామయ్య నోట్లోకి పోయిన గొట్టానికి ఒక రబ్బరు తిత్తి తగిలించి ఉంది. ఇమ్మాన్యుయేల్ దాన్ని ఒత్తుతాడు, వదులుతాడు. ఒత్తినప్పుడు పట్టాభిరామయ్య ఛాతీ లేస్తుంది. వదిలినప్పుడు దిగుతుంది. కిటికీలోంచి చూసేవాడికి మనిషి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది.

“అమ్మా, ఇప్పటికైనా నా మాట విను,” అంది రసజ్ఞ. వాళ్ళకున్న ఒక్క కూతురు, గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. “హాస్పిటల్లోనే ఉంచితే ఫ్రీజర్ వాళ్ళే అరేంజ్ చేస్తారు. అక్కణ్నుంచి డైరెక్ట్‌గా...”

“డైరెక్ట్‌గా ఎక్కడికే?”

“నీకు తెలుసు.”

“తెలుసు. పార్శిలు పంపినట్టు. ఎక్కించేది ఒకచోట, దించేది ఒకచోట. మధ్యలో ఇల్లన్నది లేకుండా.”

“ప్రాక్టికల్‌గా చెప్తున్నానమ్మా. నువ్వే కదా నాకు నేర్పావు.”

నేర్పిన మాట నిజమే. ఏ పనికైనా ఏది పెడితే ఏది తిరిగొస్తుందో చూడమని చిన్నప్పట్నుంచీ చెప్పింది. కూతురు చెప్పిన దారిలో ఖర్చు తక్కువ, రభస తక్కువ, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఆ లెక్కలో ఎక్కడా తప్పు లేదని భ్రమరాంబకు తెలుసు. కాని దాని రెండో వైపు కూతురు చూడలేదు.

కిందటి వానల్లో అదే ఇంట్లో మూడో అంతస్తులో ఉండే నిజామాబాద్ వాళ్ళ ముసలమ్మ ఆస్పత్రిలో పోయింది. ఊరికి తీసుకెళ్ళేలోపు బంధువులు వచ్చి చూసుకోవడానికి కాసేపు చోటు కావాలి. గేటు తెరుచుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఫుట్‌పాత్ మీద టార్పాలిన్ కట్టి, దాని కింద పడుకోబెట్టారు. చినుకులు ఒకవైపు నుంచి లోపలికి కొడుతుంటే కొడుకు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. హెల్మెట్లు పెట్టుకున్న డెలివరీ కుర్రాళ్ళు బండి ఆపకుండా ఆ ముసలమ్మ కాళ్ళ పక్కనుంచి తిప్పుకుపోయారు. పట్టాభిరామయ్య కొట్లోంచి కుర్చీలు మోసుకెళ్ళి వేశాడు, మజ్జిగ ఇచ్చాడు. తర్వాత లోపలికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ, “నన్ను మాత్రం రోడ్డు మీద పడుకోబెట్టకే. జనానికి కూర కట్టిచ్చిన చోటే నా మొహం చూపిస్తే ఎవడికీ ముద్ద దిగదు, కొట్టు మూసుకోవాలి” అన్నాడు. తరిగేది ఉల్లిపాయలు కాబట్టి ఆ కళ్ళలో నీళ్ళు దేనివో భ్రమరాంబ తేల్చుకోలేకపోయింది. “ముందు తాలింపు మాడుతోంది చూడండి” అంది.

అడిగింది అదొక్కటే. ఆ మనిషి అంతకుముందు ఏదీ అడిగి ఎరగడు.

పచ్చలైటు పడింది. అంబులెన్సు కదిలి వీధిలోకి మళ్ళింది.

*

భ్రమరాంబకు రెండు తెలుగులు వచ్చు. ఒకటి పుట్టుకతో వచ్చింది, ఒకటి గిరాకీ కోసం నేర్చుకుంది. కొట్టు ముందుకు గుంటూరు కుర్రాడో కాకినాడ అమ్మాయో వస్తే, “దొండకాయ వేపుడుందండి, ఇప్పుడే దించాం” అనేది. అదే గరిటె పక్కకు తిప్పి, “బీరకాయ మంచిగున్నది తమ్మీ, తీస్కపో” అని వికారాబాద్ ఆటోవాడికి చెప్పేది. సరుకు ఒకటే, కట్టే కవరు ఒకటే, పైన వేసే రబ్బరు బ్యాండు ఒకటే. మాట మారిస్తే చాలు, తిన్నవాడు తమ ఇంటి కూర తిన్నట్టు తృప్తిపడేవాడు. అమ్ముడుపోయేది కూరకంటే ఆ మాటేనని ఆమె ఎప్పుడో పసిగట్టింది.

పట్టాభిరామయ్యకు ఈ విద్య అబ్బలేదు. వచ్చిన రోజు ఏం మాట్లాడాడో పడిపోయిన రోజూ అదే మాట్లాడాడు. ఏమడిగినా ముందు “ఆయ్” అనేవాడు. “ఆయ్, పప్పుచారు అయిపోయిందండి.” “ఆయ్, రేపు చేస్తానండి.” కనకమ్మ ఆయన్ని ఆ మాటతోనే పిలిచేది. కనకమ్మకు రోజూ ఒక గిన్నె పప్పుచారు పైకి వెళ్ళేది. ఆమె తిని, కింది మెట్టు మీద కూర్చుని, “ఓ ఆయ్, ఇయ్యాల బెల్లం జర ఎక్కువైంది” అని వంకపెట్టేది.

అంబులెన్సు ఇంటి ముందు ఆగింది. వెనక తలుపు తెరవకముందే ఆ గొంతు వినిపించింది.

“రావయ్యా ఆయ్, రా. నువ్వు లేక మా ఇంట్ల చారు మొఖం చూసినోడు లేడు. గట్ల కూలబడితే ఎట్ల, మా అందరి పానం తీసినవు.”

తలుపు తెరుచుకుంది. కనకమ్మ గేటు బయట నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో దిష్టి తీయడానికి కలిపిన ఎర్రనీళ్ళు, మధ్యలో వెలుగుతున్న కర్పూరం. కొత్త చీర కట్టుకుంది. కోలుకుని వచ్చేవాడికి ఎదురొచ్చిన మనిషి.

ఆమె చూపు స్ట్రెచర్ మీద పడింది. అక్కణ్నుంచి గొట్టం మీదికి, గొట్టం వెంట రబ్బరు తిత్తి మీదికి, తిత్తిని ఒత్తుతున్న చేతి మీదికి పోయింది. పళ్ళెం కొద్దిగా వంగింది. ఎర్రనీళ్ళు అంచు దాటి చీర మీద పడ్డాయి.

“ఇదేంది చెల్లె?”

భ్రమరాంబ కిందికి దిగింది. నవ్వింది కూడా.

“ఏం లేదక్కా. జర నీరసమున్నది. గందుకే పైపు పెట్టిన్రు.”

“మంచిగైందంటివి.”

“మంచిగనే అయింది. నాలుగు దినాలైతే లేచి కూసుంటడు.”

“గా సంచి ఎందుకు ఒత్తుతున్నడు?”

“దుమ్మక్కా. రోడ్డు మీద దుమ్ము కదా, మంచిగాలి కోసం.”

ఇమ్మాన్యుయేల్ తలెత్తలేదు. రసజ్ఞ తల తిప్పుకుంది. కనకమ్మ కర్పూరం మీద చెయ్యి ఊపి ఆర్పి, పళ్ళెం గోడ మీద పెట్టింది. పెట్టి, గేటు లోపలికి అడుగేసి, గేటు రెక్క దగ్గరికి లాగి పట్టుకుంది.

“కండ్లు తెర్వమను.”

“నిద్రపట్టిందక్కా.”

“లేపు. కండ్లు తెరిచి నన్ను చూసి ఒక్కసారి ‘ఆయ్’ అనమను, చాలు. నేనే తల దిక్కు పట్టి మోసుకపోత.”

భ్రమరాంబ ఎప్పుడూ చేతికందే మాట కోసం వెతికింది. దొరకలేదు. ఎంత సరుకున్న కొట్లోనైనా ఒక్కో క్షణం డబ్బాలన్నీ ఖాళీగా కనిపిస్తాయి. అడుగున ఎక్కడో మిగిలిన మాట ఒకటి నోటికొచ్చింది.

“తెరుస్తారండీ. కాసేపాగితే తెరుస్తారు, అక్కగారండీ.”

గేటు మీద కనకమ్మ చెయ్యి బిగుసుకుంది.

“ఏమన్నవ్?”

భ్రమరాంబ కొంగు సర్దుకుంది.

“నాతోని ఇన్నేండ్ల సంది ‘అండి’ అన్నవా నువ్వు?” కనకమ్మ గొంతు పెంచలేదు. “కొత్తగ కిరాయికి దిగినప్పుడు అన్నవు. సామాను ఇంక మూటలల్లనే ఉండె. ఉండనిస్తనో ఎల్లగొడతనో తెల్వక భయపడి అండి అండి అన్నవు. నేనే బంజెయ్యమన్న. ఇగ మళ్ళ ఇయ్యాల అంటున్నవు. దేనికి భయమైతున్నది చెల్లె నీకు?”

నేర్చుకున్న భాష అవసరానికి చెయ్యిచ్చింది. ఇక దాన్ని పట్టుకుని వేలాడి లాభం లేదని భ్రమరాంబ గ్రహించింది. నకిలీ సరుకని తేలిపోయాక దాన్నే పొగడుతూ కూర్చునే వ్యాపారి, పక్కనున్న మంచి సరుకును కూడా పోగొట్టుకుంటాడు. ఆమె సొంత మాటలోకి దిగింది.

“డాక్టర్లు లాభం లేదన్నారక్కా. తీసుకెళ్ళిపొమ్మన్నారు. ఆ తిత్తితో గాలి కొడుతున్నారు. మధ్య మధ్య ఆయనా తీసుకుంటున్నారు. ఎంతసేపుంటారో తెలీదు. ఇంట్లో పోవాలని తీసుకొచ్చాను.”

“ఎవరింట్ల?”

ఆ ప్రశ్న అంత తొందరగా వస్తుందని అనుకోలేదు.

“మా ఇంట్లో,” అంది, తర్వాత సర్దుకుంది. “మీ ఇంట్లో. మేముండే ఇంట్లో.”

మొదటి అంతస్తు బాల్కనీలోకి స్రవంతి వచ్చింది. కనకమ్మ కూతురు, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది, నెలలు నిండుతున్నాయి. “అమ్మా, చిన్నాయినె వచ్చిండా?” అని పైనుంచి అడిగింది. “లోపటికి నడువ్. బయటికి రాకు,” అంది కనకమ్మ తల ఎత్తకుండా. బాల్కనీ తలుపు మూసుకుంది.

“చూసినవు గదా,” అంది కనకమ్మ. “ఇంట్ల గా పిల్ల ఉన్నది. నీకు తెల్వంది గాదు. ఇయ్యాల నక్షత్రమేందో అది గూడ నీకు తెలుసు, నీ కొట్ల క్యాలెండరుంది. ధనిష్ఠ. మా మామ గట్లనే పంచకంల పోయిండు. ఇల్లు పాడువెట్టుమన్నరు. తాళమేసి, పసిపిల్లలనెత్తుకుని బర్ల కొట్టంల పండుకున్నం. గిప్పుడు నాకు బర్లు లేవు, కొట్టం లేదు. ఇల్లు పాడువెట్టాలంటే ఏడికి పోవాలె నేను, కాన్పు పిల్లను పట్టుకొని? కిరాయికున్నోళ్ళందర్ని ఏడికి పొమ్మనాలె?”

భ్రమరాంబ క్యాలెండర్ చూసింది. పొద్దున్నే చూసింది. వంటలో, మాటలో, పండగలో ఇక్కడికీ తణుకుకూ బోలెడు తేడాలున్నాయి గాని ఈ ఒక్క లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటే. ధనిష్ఠ నుంచి ఆ అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఇల్లు కొన్ని నెలలు మూయాల్సిందే.

“మీ ఊరికి తీస్కపో. అంబులెన్సు ఉండనే ఉన్నది.”

“ఊళ్ళో ఏముందక్కా? ఇల్లమ్ముకునే వచ్చాం. కొన్నవాడు దాన్ని పడగొట్టి రొయ్యల చెరువు తవ్వాడు. నీళ్ళలో దింపమంటావా ఆయన్ని?”

“మీవోళ్ళుండరా?”

“మావోళ్ళు మీరే అనుకున్నాం.”

ఆ మాట భ్రమరాంబ లెక్కవేసుకుని అన్నది కాదు. దాని వెనకే మరోటి వచ్చింది. “రాష్ట్రం గొడవల్లో మా బోర్డు మీద ‘ఆంధ్ర’ అన్న అక్షరాలకు తారు పూస్తామని కుర్రాళ్ళొచ్చినప్పుడు నువ్వే షట్టర్‌కు అడ్డం నిలబడ్డావు. ‘వీళ్ళు మా ఇంటోళ్ళు, ఎవడు పూస్తడో చూస్త’ అన్నావు. ఆ మాట నీకు గుర్తులేకపోవచ్చు. నేను దాన్ని తింటూ బతికాను ఇన్నాళ్ళూ.”

“గుర్తుంది. ఇప్పుడు గూడ అంట. ఇంటోళ్ళే.” కనకమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. “బతికినోళ్ళకు జాగ ఇచ్చేది నేను. సచ్చినోళ్ళకు జాగ ఇచ్చేది నేను గాదు చెల్లె. గది మా పెద్దలది. నా చేతుల లేదు.”

“ఆంటీ,” రసజ్ఞ అంబులెన్సులోంచి దూకినట్టు దిగింది. “లీగల్‌గా మీరు ఆపలేరు. మాకు అగ్రిమెంట్ ఉంది. అది మా ఫ్లాట్. మేం ఎవర్నైనా తీసుకెళ్ళొచ్చు. ఇది హ్యూమన్ రైట్స్...”

కనకమ్మ ఆమె వంక చూసింది. కోపంగా కాదు. “నిన్ను చంకనేసుకుని బడికి తోలింది నేను బిడ్డా. మీ అమ్మ పొయ్యికాడ ఉంటే నీ జడలేసింది నేను. నాకు లీగలు చెప్తున్నవా? చెప్పు. అయిపోయినంక పోలీసుల గూడ పిలువు.”

“రసజ్ఞా, నోర్ముయ్,” అంది భ్రమరాంబ.

బేరంలో చట్టం పేరెత్తినవాడు అప్పటికే లేచి వెళ్ళిపోయినట్టు లెక్క. కూతురికి ఇంగ్లీషు వచ్చు, తెలంగాణ తెలుగు పుట్టుకతో వచ్చు, ఈ వీధిలో ఎవరూ దాన్ని వలస వచ్చిన పిల్ల అనరు. కాని ఎదుటి మనిషికి ఏం కావాలో చూడడం దానికి ఇంకా రాలేదు.

కనకమ్మకు ఏం కావాలి? భ్రమరాంబ ఆ ముఖాన్ని చూసింది. ఆ మనిషి గేటు పట్టుకుంది గాని గొళ్ళెం పెట్టలేదు. కూతుర్ని కాపాడుకోవాలి, ఇల్లు కాపాడుకోవాలి. దానితోపాటు మరొకటి కావాలి: ఊపిరి ఉన్న మనిషిని గుమ్మం బయట ఆపిన ఉసురు తనకు తగలకూడదు. ఆ మూడోది అమ్మడానికి తన దగ్గరుంది.

“శవాన్ని తేవడం లేదక్కా,” అంది మెల్లిగా. “మనిషిని తెస్తున్నాను. ఊపిరి ఉన్న మనిషి. ఆయన మంచం, ఆయన ఫ్యాను, ఆ కిటికీ. ఊపిరి ఉన్నంతసేపే. ఆగిందా, మరుక్షణం వెనక మెట్ల మీంచి దించేస్తాను. నీ ఇంట్లో శవం పడుకోదు. ఏడుపు కూడా వినపడనివ్వను. మాట.”

“మాటనా?”

“నా కూతురి మీద ఒట్టు.”

రసజ్ఞ తల్లి వైపు చూసింది. భ్రమరాంబ ఆ చూపు పట్టించుకోలేదు.

కనకమ్మ గేటు వదిలి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అంబులెన్సు మెట్టు మీద కాలుపెట్టి లోపలికి తొంగిచూసింది. పట్టాభిరామయ్య ఛాతీ లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. గడ్డం పెరిగి తెల్లగా మెరుస్తోంది.

“ఓ ఆయ్,” అంది కనకమ్మ. జవాబు రాదని తెలిసీ ఒక క్షణం ఆగింది. “బెల్లం ఎక్కువైందని ఊరికెనే అనేదాన్నయ్యా. మంచిగనే ఉండేది.”

దిగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“తీస్కరాండ్రి. స్రవంతిని మియాపూర్ల మా తమ్ముడింటికి పంపుత. కాన్పు ఆన్నే కానియ్. మా ఇంటాయన శంకర్‌పల్లి నుంచి వచ్చినంక నాతోని లొల్లి పెట్టుకుంటడు. పెట్టుకోనీ.” పైకి చూసి, “స్రవంతీ, బట్టలు సదురుకో. క్యాబ్ బుక్ చెయ్యి,” అని అరిచింది. ఆ తర్వాత గేటు రెండు రెక్కలూ పూర్తిగా తెరిచి పట్టుకుంది.

బేరం కుదిరింది. షట్టర్‌కు ఒదిగి భ్రమరాంబ దారి ఇచ్చింది. డ్రైవరు, పక్క పంక్చరు కొట్టతను కలిసి స్ట్రెచర్ కిందికి లాగారు. రసజ్ఞ సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని ముందుకు నడిచింది. లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు, మెట్ల మీదుగానే పోవాలి.

ఇమ్మాన్యుయేల్ ఒక చేత్తో తిత్తి ఒత్తుతూ, రెండో చేతి వేళ్ళు పట్టాభిరామయ్య మెడ పక్కన పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“అమ్మా,” అన్నాడు చాలా చిన్నగా. “నాడి అందుతలేదు.”

భ్రమరాంబ అతని దగ్గరికి జరిగింది. “ఏమిటి?”

“గుండె ఆగిపోయిందమ్మా. ఇప్పుడే. ఆ పెద్దమ్మ దిగినంక.”

“ఛాతీ లేస్తోంది కదా.”

“అది నేను ఒత్తితే లేస్తున్నది. ఆయనది కాదు.”

గేటు దగ్గర కనకమ్మ రెక్క పట్టుకుని చూస్తోంది. డ్రైవరు “ఎత్తమంటారా?” అంటున్నాడు. పట్టాభిరామయ్య ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంత పెద్ద సంగతి జరిగి, పైకి ఏమీ కనపడకపోవడమేమిటని ఆమెకు ఒక్క క్షణం కోపం వచ్చింది. ఏడవాల్సిన సమయం ఇదే. ఇదే గాని, ఏడిస్తే ఆ రెక్కలు మూసుకుంటాయి. మూసుకుంటే మిగిలేది ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆ ఫుట్‌పాతే. ఉన్న ఇల్లు కిరాయిది. ఇప్పుడు ఊపిరి కూడా కిరాయిదే అయింది.

“ఒత్తుతూనే ఉండు బాబూ.”

“అమ్మా, తప్పమ్మా. నేను నర్సును. చెప్పాలె.”

“చెబుదువుగాని. పైదాకా. మంచం మీద వాల్చాక నువ్వే చెప్పు. నీకూ తల్లిదండ్రులుండుంటారు. ఈ నాలుగు మెట్లు.”

ఇమ్మాన్యుయేల్ పెదాలు కదిలాయి, ప్రార్థనో తిట్టో తెలియలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు. ఒత్తాడు, వదిలాడు. స్ట్రెచర్ లేచింది.

గేటు దాటింది. కనకమ్మ పక్కకు తప్పుకుని, దాటుతున్న ఆ మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. పెట్టి, దారి చూపిస్తూ తనే ముందు మెట్లెక్కింది. “మూల తాకుతది, జర పదిలం. తల దిక్కు ఎత్తి పట్టున్రి.” ఆ గొంతులోని ఆదరం భ్రమరాంబ వీపు మీద బరువులా కూర్చుంది. ఇంతకాలం బేరాల్లో ఒకరికి కొంచెం ఎక్కువ, ఒకరికి కొంచెం తక్కువ తూచి ఉంటుంది. ఇంత మోసం ఎప్పుడూ తూచలేదు. పోనీ, పైకి చేరాక చెబుతుంది. కాళ్ళు పట్టుకుంటుంది. స్రవంతి అప్పటికి క్యాబ్‌లో ఉంటుంది, ఆ పిల్లకూ బిడ్డకూ ఏ అంటూ తగలదు. ఇల్లు మూయాల్సి వస్తే, ఆ పాపం తన మీద వేసుకుంటుంది. లెక్క ఎలాగోలా సరిపోతుంది.

మొదటి అంతస్తు మలుపు దగ్గర మెట్లు ఇరుకు. స్ట్రెచర్ తిప్పడానికి ఆగారు. తల వైపు పైమెట్ల మీదికి, పాదాలు కనకమ్మ గుమ్మం వైపు తిరిగాయి. ఇమ్మాన్యుయేల్ గోడకు ఒదిగి ఒత్తుతున్నాడు. తిత్తి చప్పుడు ఆ ఇరుకులో పెద్దగా వినిపిస్తోంది.

తలుపు తెరుచుకుంది. భుజాన బ్యాగుతో స్రవంతి బయటికి వచ్చింది. క్యాబ్ కోసం కిందికి దిగబోతూ ఆగిపోయింది.

“చిన్నాయినా,” అంది. “చిన్నమ్మా, నా పెండ్లికి వంట చిన్నాయినెనే చేసిండు. వద్దన్నా వినక రాత్రంతా పొయ్యికాడనే ఉన్నడు. ఒక్కసారి కాళ్ళకు మొక్కి పోత.”

“నడువ్ బిడ్డా, క్యాబ్ వస్తది,” అన్న కనకమ్మ, పై మెట్టు మీద నిలబడి కూతురి ముఖం చూసి మెత్తబడింది. “సరే, మొక్కు. పెద్దమనిషి దీవెన, నీ కడుపు సల్లగుంటది. ఊపిరున్నప్పుడే మొక్కు.”

స్రవంతి బ్యాగు కింద పెట్టింది. నిండు కడుపుతో వంగలేక ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుంది. రెండో చెయ్యి దుప్పటి కింద నుంచి బయటికొచ్చిన పట్టాభిరామయ్య పాదాల వైపు చాచింది.

ఇమ్మాన్యుయేల్ భ్రమరాంబ వైపు చూశాడు. పై అంతస్తు మెట్లు కొద్దిగానే మిగిలాయి. తన తలుపు అక్కణ్నుంచే కనపడుతోంది. ఇంకొక్క క్షణం నోరు మూసుకుంటే చాలు, ఆయన్ని మంచం చేర్చొచ్చు. ఆ చెయ్యి ఇంకా జానెడు దూరంలో ఉంది. వేళ్ళకు గోరింట పండి ఉంది.

“ముట్టుకోకమ్మా,” అంది భ్రమరాంబ.

మెట్ల మీద అందరూ ఆగిపోయారు. స్రవంతి చెయ్యి గాల్లోనే నిలిచింది. రసజ్ఞ సెలైన్ సీసాతో వెనక్కి తిరిగింది. ఇమ్మాన్యుయేల్ చెయ్యి ఒక్కటే, ఒత్తడం ఆపాలో కొనసాగించాలో తెలియక, అలవాటు కొద్దీ ఒత్తుతూ ఉంది.

కనకమ్మ పై మెట్టు మీంచి ఒక మెట్టు దిగింది.

“ఎందుకు ముట్టుకోవద్దు చెల్లె?”